ఫొటోషాప్‌కు అలవాటుపడిన చేతితో గింప్ వాడడం: తెరను పరిచయం చేసుకునే సమగ్ర మార్గదర్శి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వంటి ఊళ్లలోని ఫొటో స్టూడియోలలోను, డీటీపీ సెంటర్లలోను పని దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. పొద్దున పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఉద్యోగాల దరఖాస్తుల కోసం కిలోబైట్ల లెక్కన కుదించిన ఫొటోలు, సంతకాలు. సాయంత్రానికి పెళ్లి ఫ్లెక్సీలు, గృహప్రవేశం కార్డులు. పై వరస తెలుగులో, కింది వరస ఒడియాలో, ఫోన్ నంబరు ఇంగ్లీషులో ఉండాలని అడిగే పార్టీలకు ఇక్కడ లోటు లేదు. ఈ పనులన్నీ ఏళ్ల తరబడి ఫొటోషాప్‌లో చేసినవారిలో కొందరు, దానికి నెలనెలా చందా కట్టడం గిట్టుబాటు కాకనో, లైసెన్సు లేని కాపీతో షాపు నడపడం ఇష్టం లేకనో, ఉచితంగా దొరికే ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రాం గింప్ వైపు వస్తున్నారు.

అలా వచ్చినవారిలో చాలామంది మొదటి వారంలోనే వెనక్కి వెళ్లిపోతారు. వారికి పని రాక కాదు. లేయర్ అంటే ఏమిటో, సెలక్షన్ అంటే ఏమిటో క్షుణ్ణంగా తెలిసినవారే. పరాయి వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియక నిలబడిపోయిన మంచి వంటమనిషి పరిస్థితి వారిది. అందుకే ఈ మార్గదర్శి ఫొటోలు దిద్దడం నేర్పదు. తెర మీద ఏది ఎక్కడ ఉంటుందో, పాత అలవాటు చొప్పున నొక్కిన కీ ఇక్కడ ఏం చేస్తుందో, ప్రోగ్రాం మొరాయించినట్టు కనిపించినప్పుడు ముందుగా ఎక్కడ చూడాలో చెబుతుంది. ఇందులో పట్టుబట్టి చెప్పదలచినది ఒక్కటే: గింప్‌ను ఫొటోషాప్‌లా కనబడేట్టు మార్చే ప్రయత్నం మొదట్లోనే చేయకూడదు. దాని పద్ధతి ఏమిటో, మీరు రోజూ చేసే ఒకటి రెండు పనుల మీదనే ముందుగా తెలుసుకోవాలి.

ఇన్‌స్టాల్ చేసే ముందు

గింప్‌ను 1995లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ మొదలుపెట్టారు. 1996లో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2025 మార్చిలో విడుదలైన 3.0తో చాలా మార్పులు వచ్చాయి కాబట్టి ఈ వివరణంతా 3.0ను దృష్టిలో పెట్టుకుని రాసినదే. విండోస్ 7తో నడిచే పాత సిస్టం ఉన్నవారు 2.10తోనే సరిపెట్టుకోవాలి, కింద చెప్పే విషయాల్లో ఎక్కువ భాగం దానికీ వర్తిస్తుంది, తేడా ఉన్నచోట సూచిస్తాను.

గింప్‌ను దాని అధికారిక వెబ్‌సైటు అయిన గింప్ డాట్ ఆర్గ్ నుంచే దించుకోవాలి. పాత ఫొటోషాప్ అదే సిస్టంలో ఉన్నా అడ్డం రాదు, కాబట్టి తొందరపడి దాన్ని తీసేయనవసరం లేదు. పెళ్లిళ్ల సీజన్ నడుమ మారడం మాత్రం తెలివైన పని కాదు. కౌంటరు ముందు మనుషులు నిలబడి ఉన్నప్పుడు కొత్త మెనూలు వెతకడం ఎవరి వల్లా కాదు. స్టూడియో సిస్టంలలో ఫాంట్లు వందల కొద్దీ ఉంటాయి కనుక మొదటిసారి తెరిచినప్పుడు వాటిని చదువుకోవడానికి గింప్ కొంత సమయం తీసుకుంటుంది. అది ఆగిపోయిందనుకుని మూసేయకుండా ఓపిక పట్టాలి.

మెనూల భాషను ఇంగ్లీషుగానే ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎడిట్ మెనూలోని ప్రిఫరెన్సెస్ తెరిచి, ఇంటర్‌ఫేస్ కింద భాషను మార్చుకోవచ్చు. ఎక్కడ సాయం వెతికినా ఆ పేర్లే కనిపిస్తాయి.

తెరను ఒకసారి చుట్టి రావడం

ఏదైనా ఫొటో తెరిచి, మౌస్ ముట్టుకోకుండా, తెరను ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా చూడండి. ఎడమ పక్కన పైభాగంలో టూల్‌బాక్స్, మధ్యలో ఫొటో, కుడి పక్కన పైభాగంలో బ్రష్‌లు, ప్యాటర్న్‌లు, ఫాంట్లు, దాని కింద లేయర్లు, చానెల్స్, పాత్‌లు ఉంటాయి. ఇక్కడివరకు పెద్ద వింత ఏమీ లేదు.

ఫొటోషాప్ చేయి తడబడేది టూల్ ఆప్షన్ల దగ్గర. బ్రష్ సైజు, ఒపాసిటీ, క్రాప్ కొలతలు వంటివి ఫొటోషాప్‌లో మెనూ కింద అడ్డంగా ఉన్న పట్టీలో ఉంటాయి. గింప్‌లో ఆ చోట ఏమీ ఉండదు. అవన్నీ ఎడమ పక్కన, టూల్‌బాక్స్ కిందనే నిలువుగా ఉంటాయి. ఏ టూల్ ఎంచుకుంటే ఆ టూల్‌కు సంబంధించిన వివరాలే అక్కడ కనిపిస్తాయి. చిన్న మానిటర్ల మీద ఈ భాగం ఇరుకైపోయి కింది సగం దాగిపోతుంది కాబట్టి, టూల్‌బాక్స్‌కు, ఫొటోకు మధ్య ఉన్న గీతను మౌస్‌తో పట్టుకుని కుడివైపుకు కాస్త లాగాలి. టూల్ ఆప్షన్లు అసలే కనబడకపోతే, టూల్‌బాక్స్‌లో ఆ టూల్ బొమ్మ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే చాలు, ప్రత్యక్షమవుతాయి.

చాలామంది అసలు పట్టించుకోని చోటు ఫొటో కింద అడుగున ఉన్న సన్నటి వరస. మౌస్ ఉన్న చోటు కొలత, జూమ్ శాతం, లేయర్ పేరు అక్కడ ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, ఎంచుకున్న టూల్‌తో కంట్రోల్ నొక్కితే ఏమవుతుందో, షిఫ్ట్ నొక్కితే ఏమవుతుందో ఆ వరసలోనే రాసి ఉంటుంది. క్లోన్ టూల్ పట్టుకుని, ఎక్కడి నుంచి తీసుకోవాలో చూపించడానికి ఆల్ట్ నొక్కి విసిగిపోయేవారు ఆ వరస ఒకసారి చదివితే, ఇక్కడ ఆ పని కంట్రోల్‌తో జరుగుతుందని వెంటనే తెలిసిపోతుంది.

కంటికి కుదురు చేసుకోవలసిన రెండు మూడు అమరికలు

ప్రిఫరెన్సెస్‌లోని ఇంటర్‌ఫేస్ విభాగంలో థీమ్ అనే పేజీ ఉంటుంది. రంగును తప్పుగా అంచనా వేయకుండా ఉండాలంటే మధ్యరకం బూడిద రంగు మేలు; నల్లటి తెర మీద సవరించిన ఫొటో కాగితం మీదికి వచ్చేసరికి అనుకున్నదానికంటే చీకటిగా కనబడడం స్టూడియోవారికి తెలిసిన సంగతే. ఐకాన్ల సైజు కూడా ఈ విభాగంలోనే పెంచుకోవచ్చు; పాత రంగుల ఐకాన్లే గుర్తుపట్టడానికి సులువనుకునేవారు ఐకాన్ థీమ్ పేజీలో లెగసీ అనేది ఎంచుకోవచ్చు.

అదే విభాగంలోని టూల్‌బాక్స్ పేజీలో యూజ్ టూల్ గ్రూప్స్ అనే టిక్కు ఉంటుంది. అది ఉన్నంతసేపు ఒకే జాతి టూల్స్ అన్నీ ఒక ఐకాన్ కింద దాగి ఉంటాయి, ఆ ఐకాన్‌ను నొక్కి పట్టుకుంటేనే మిగతావి కనిపిస్తాయి. మొదటి నెల ఆ టిక్కు తీసేయడం మంచిది. టూల్‌బాక్స్ కొంచెం ఎక్కువ చోటు తీసుకున్నా, అన్నీ కళ్లెదుటే ఉండడం వల్ల ఏ టూల్ ఉందో, ఏది లేదో అన్న అనుమానం ఉండదు. ఈ మార్పులు తప్ప ప్రస్తుతానికి మరేదీ కదపకండి.

ప్యానెళ్లు మాయమైనప్పుడు

ట్యాబ్ కీ నొక్కితే గింప్ తన రెండు పక్కల ప్యానెళ్లనూ దాచేస్తుంది. కొలతలు టైపు చేస్తూ ఒక గడి నుంచి మరో గడికి వెళ్లడానికి ట్యాబ్ నొక్కే అలవాటున్నవారు, మౌస్ అప్పటికే ఫొటో మీద క్లిక్ అయి ఉందని గమనించకుండా నొక్కేస్తారు. తెరంతా ఖాళీ అయిపోయి ఫొటో ఒక్కటే మిగులుతుంది. మళ్లీ ట్యాబ్ నొక్కితే అన్నీ తిరిగి వస్తాయి. పొరపాటున ఏదైనా ప్యానెల్‌ను మూసేస్తే, గింప్‌లోనే పైన ఉన్న విండోస్ అనే మెనూలో రీసెంట్లీ క్లోజ్డ్ డాక్స్ అన్న చోట అది దొరుకుతుంది. ప్యానెళ్లు విడివిడి కిటికీలుగా చెల్లాచెదురైతే అదే మెనూలోని సింగిల్ విండో మోడ్‌కు టిక్కు పెట్టాలి. ఇన్ని చేసినా కుదరకపోతే ప్రిఫరెన్సెస్‌లోని విండో మేనేజ్‌మెంట్ పేజీలో, కిటికీల స్థానాలను మొదటి స్థితికి తెచ్చే రీసెట్ బటన్ నొక్కి, గింప్‌ను మూసి తెరిస్తే తెర కొత్తగా వచ్చినప్పటిలా అవుతుంది. ఈ ఒక్క బటన్ సంగతి ముందే తెలిసి ఉంటే, ఏదో చెడిపోతుందన్న భయం లేకుండా అన్నీ తాకి చూడవచ్చు.

మెనూలు వెతకడానికి బదులు

మెనూలన్నీ బట్టీ పట్టనక్కర లేదు. కీబోర్డు మీద ప్రశ్నార్థకం ఉన్న కీని, అంటే ఏటవాలు గీత కీని, షిఫ్ట్ లేకుండా ఒకసారి నొక్కితే చిన్న వెతుకు పెట్టె తెరుచుకుంటుంది. అందులో స్కేల్ అనో, లెవెల్స్ అనో టైపు చేస్తే ఆ పేరున్న ఆదేశాలన్నీ వరసగా వస్తాయి. కావలసినదాని మీద ఎంటర్ నొక్కితే అది నేరుగా తెరుచుకుంటుంది, దానికి కీబోర్డ్ షార్ట్‌కట్ ఉంటే అది కూడా పక్కనే కనిపిస్తుంది. రోజుకు పది సార్లు వాడే ఆదేశం షార్ట్‌కట్ ఆ విధంగా తనంతట తానే నోటికి వస్తుంది. ఫొటోషాప్ పేర్లన్నీ ఇక్కడ కుదరవు: ఫ్రీ ట్రాన్స్‌ఫార్మ్ ఇక్కడ యూనిఫైడ్ ట్రాన్స్‌ఫార్మ్, ఇమేజ్ సైజ్ ఇక్కడ స్కేల్ ఇమేజ్. పేరు సగమే గుర్తున్నా ఆ సగం టైపు చేసి చూడవచ్చు.

చేతిని మోసం చేసే కీలు

కొత్తవారికి అన్నిటికంటే ఎక్కువ చికాకు తెప్పించేది ఈ విషయమే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం. పనిచేయని కీ వల్ల నష్టం లేదు. ఒకే కీ ఇక్కడ వేరే పని, అదీ చప్పుడు లేకుండా చేసినప్పుడే ఇబ్బంది.

కంట్రోల్+టీ ఫొటోషాప్‌లో ఫ్రీ ట్రాన్స్‌ఫార్మ్. గింప్‌లో అది సెలక్షన్ చుట్టూ కదిలే చుక్కల గీతను దాచేస్తుంది. గీత మాత్రమే మాయమవుతుంది, సెలక్షన్ అక్కడే ఉంటుంది. ఆ సంగతి తెలియక, బ్రష్‌తో ముఖం మీద ఎంత గీసినా రంగు పడడం లేదేమిటని, బ్రష్‌ను మార్చి, లేయర్‌ను మార్చి, చివరికి గింప్‌నే మూసేసేవారు ఉన్నారు. మళ్లీ కంట్రోల్+టీ నొక్కితే గీత కనబడుతుంది. సైజు మార్చడానికి కావలసింది షిఫ్ట్+టీ.

కంట్రోల్+డీ ఫొటోషాప్‌లో సెలక్షన్ తీసేస్తుంది. గింప్‌లో అది మొత్తం ఫొటోకు నకలు తీసి కొత్త ట్యాబ్‌లో తెరుస్తుంది. రెండు ట్యాబ్‌లూ ఒకేలా ఉంటాయి కనుక తేడా తెలియదు. నకలు మీద పనంతా చేసి, అసలు ఫొటోను ప్రింటుకు పంపే ప్రమాదం ఉంది. సెలక్షన్ తీసేయడానికి కంట్రోల్+షిఫ్ట్+ఏ నొక్కాలి. దీన్ని మాత్రం మొదటి రోజే కంఠస్థం చేయడం అవసరం.

కంట్రోల్+ఎం అక్కడ కర్వ్స్. ఇక్కడ కనబడే లేయర్లన్నిటినీ కలిపేసే ఆదేశం. అదృష్టవశాత్తూ అది ముందుగా ఒక పెట్టె చూపించి అడుగుతుంది, కాబట్టి చదవకుండా ఎంటర్ నొక్కే అలవాటు మానుకుంటే చాలు. బ్రష్‌కు, పెన్ టూల్‌కు ఉన్న అక్షరాలు తారుమారయ్యాయి: ఇక్కడ పీ నొక్కితే బ్రష్, బీ నొక్కితే పెన్ పని చేసే పాత్స్ టూల్. మూవ్ టూల్‌కు వీ కాదు, ఎం. క్రాప్‌కు షిఫ్ట్+సీ, సీ ఒక్కటే నొక్కితే క్లోన్ టూల్ వస్తుంది. లేయర్‌కు నకలు కావాలంటే కంట్రోల్+జే బదులు కంట్రోల్+షిఫ్ట్+డీ. సెలక్షన్ తిరగేయడానికి ఇక్కడ షిఫ్ట్ అక్కర లేదు, కంట్రోల్+ఐ చాలు.

మారనివీ ఉన్నాయి. కంట్రోల్+జెడ్ వెనక్కి తెస్తుంది, చదరపు బ్రాకెట్లు బ్రష్ సైజు తగ్గిస్తాయి, పెంచుతాయి, ఎక్స్ రెండు రంగులను తారుమారు చేస్తుంది, డీ వాటిని నలుపు తెలుపులకు తెస్తుంది, స్పేస్ బార్ నొక్కి ఫొటోను జరపవచ్చు.

ఎడిట్ మెనూలోని కీబోర్డ్ షార్ట్‌కట్స్ ద్వారా ఈ కీలన్నిటినీ మీకిష్టమైనట్టు మార్చుకోవచ్చన్నది నిజమే. ఫొటోగింప్ అనే ఉచిత అమరిక ఒకటి వేస్తే తెర, కీలు రెండూ ఫొటోషాప్‌కు దగ్గరగా మారిపోతాయన్నదీ నిజమే. అయినా మొదటి నెలలో వాటి జోలికి వెళ్లవద్దంటాను. పక్క షాపులోనో, బరంపురంలో చదువుకునే పిల్లల ల్యాప్‌టాప్‌లోనో ఉండేది మామూలు గింపే. సాయం అడిగితే వారు చెప్పే కీలు మీ సిస్టంలో పనిచేయవు. ఏడాదికి నాలుగు సార్లు గింప్ తెరిచేవారి సంగతి వేరు, వారికి ఫొటోగింప్ సుఖం.

ఏమీ జరగడం లేదు అనిపించినప్పుడు

బ్రష్ పడదు, ఎరేజర్ చెరపదు, డిలీట్ నొక్కినా పోదు. గింప్ మొరాయించినట్టు కనిపించే సందర్భాల్లో దాదాపు అన్నిటికీ కారణం కుడి పక్క లేయర్ల ప్యానెల్‌లోనో, సెలక్షన్‌లోనో ఉంటుంది. అందుకని టూల్‌ను అనుమానించే ముందు చూపును అటు తిప్పాలి.

ముందుగా సెలక్షన్: ఎక్కడో మూలన చిన్న సెలక్షన్ మిగిలి ఉంటే దాని బయట ఏదీ పనిచేయదు. కంట్రోల్+షిఫ్ట్+ఏ నొక్కి మళ్లీ ప్రయత్నించండి. తర్వాత, ఏ లేయర్ ఎంపికై ఉందో చూడాలి. 3.0లో కంట్రోల్ నొక్కి ఒకేసారి పలు లేయర్లు ఎంచుకునే వీలు వచ్చింది. అది మంచి సౌకర్యమే అయినా, పొరపాటున రెండు లేయర్లు ఎంపికై ఉంటే బ్రష్ పనిచేయదు. లేయర్‌కు మాస్క్ ఉంటే, ఎంపికైనది మాస్కా, ఫొటోనా అన్నది కూడా చూసి, ఫొటో మీద గీయాలంటే దాని చిన్న బొమ్మ మీద క్లిక్ చేయాలి.

మూడోది ఫొటోషాప్ నుంచి వచ్చినవారికి పూర్తిగా కొత్త. గింప్‌లో ప్రతి లేయర్‌కూ సొంత హద్దు ఉంటుంది. ఎంపికైన లేయర్ చుట్టూ పసుపు, నలుపు చుక్కల గీత కనిపించేది అందుకే. ఫ్లెక్సీలో అతికించిన వరుడి ఫొటో చుట్టూ వెలుగు గీయబోతే, ఆ గీత దగ్గరికి రాగానే బ్రష్ కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. లేయర్ మెనూలోని లేయర్ టు ఇమేజ్ సైజ్ అన్న ఆదేశంతో ఆ హద్దు మొత్తం ఫ్లెక్సీ అంత అవుతుంది.

నాలుగోది ఎరేజర్. కెమెరా నుంచి వచ్చిన జేపెగ్ ఫొటో తెరిచి బ్యాక్‌గ్రౌండ్ చెరిపితే, గళ్లగళ్లుగా పారదర్శకం రావలసిన చోట తెల్లటి రంగు వస్తుంది. ఆ లేయర్‌కు పారదర్శకతను దాచుకునే ఆల్ఫా చానెల్ లేకపోవడమే కారణం. లేయర్ల ప్యానెల్‌లో దాని పేరు లావు అక్షరాల్లో ఉంటే ఆల్ఫా లేదని అర్థం. పేరు మీద కుడి క్లిక్ చేసి యాడ్ ఆల్ఫా చానెల్ నొక్కితే అక్షరాలు మామూలుగా మారతాయి, ఎరేజర్ అనుకున్నట్టు చెరుపుతుంది.

మూవ్ టూల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది మామూలుగా, ఎంపికైన లేయర్‌ను కాక, మౌస్ కింద ఉన్న లేయర్‌ను కదుపుతుంది. వధూవరుల పేర్లను పక్కకు జరపబోయి, క్లిక్ రెండు అక్షరాల మధ్య సందులో పడితే, కింద ఉన్న పూల బ్యాక్‌గ్రౌండ్ మొత్తం జరిగిపోతుంది. తెలుగు అక్షరాలు గుండ్రంగా, సందులు ఎక్కువగా ఉంటాయి కనుక ఇది తరచుగా జరుగుతుంది. టూల్ ఆప్షన్లలో మూవ్ ది సెలెక్టెడ్ లేయర్స్ అన్నదాన్ని ఎంచుకుంటే ఈ బాధ తప్పుతుంది.

సేవ్ వేరు, ఎక్స్‌పోర్ట్ వేరు

2012లో వచ్చిన 2.8 నుంచి గింప్‌లో సేవ్ అంటే ఎక్స్‌సీఎఫ్ అనే సొంత ఫైల్‌గా దాచడం మాత్రమే. లేయర్లు, టెక్స్ట్ అన్నీ చెక్కు చెదరకుండా అందులో ఉంటాయి. జేపెగ్, పీఎన్‌జీ వంటివి కావాలంటే కంట్రోల్+షిఫ్ట్+ఈ నొక్కి ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఫైల్ పేరు చివర జేపీజీ అని రాస్తే అది జేపెగ్ అవుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసేశాక కూడా, మూసేటప్పుడు సేవ్ చేయలేదని గింప్ హెచ్చరిస్తుంది. పాస్‌పోర్టు ఫొటో అయితే ఆ హెచ్చరికను పట్టించుకోకుండా డిస్కార్డ్ నొక్కవచ్చు. పెళ్లి కార్డు అయితే తప్పకుండా ఎక్స్‌సీఎఫ్ దాచాలి, ముహూర్తం సమయం తప్పు పడిందంటూ పార్టీ మర్నాడు తిరిగి రావచ్చు. గింప్‌లో నిర్ణీత సమయానికి తనంతట తానే సేవ్ అయ్యే ఏర్పాటు లేదు. మన ప్రాంతంలో వానాకాలం కరెంటు తీరు తెలిసిందే కాబట్టి, కంట్రోల్+ఎస్ నొక్కే విషయంలో బద్ధకించకూడదు.

మొదటి సాధన: ఎనిమిది పాస్‌పోర్టు ఫొటోలు

తెర అలవాటు కావడానికి, మీకు కళ్లు మూసుకుని వచ్చిన పనిని మించిన సాధన లేదు. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ఫొటోలు ఎనిమిదింటిని 6×4 అంగుళాల కాగితం మీద పేర్చడం తీసుకుందాం.

ఫొటో తెరిచి షిఫ్ట్+సీ నొక్కండి. ఎడమ పక్క టూల్ ఆప్షన్లలో ఫిక్స్‌డ్ అన్న టిక్కు పెట్టి, పక్కన యాస్పెక్ట్ రేషియో ఎంచుకుని, కింది గడిలో 35:45 అని రాయండి. ముఖం చుట్టూ గీసి, మూలలు పట్టుకుని సరిచేసి, ఎంటర్ నొక్కండి. కొత్త గింప్‌లో క్రాప్ చేసిన భాగం నిజంగా తెగిపోదు, బయట దాగి ఉంటుంది. తెగిపోవాలంటే అక్కడే డిలీట్ క్రాప్డ్ పిక్సెల్స్ టిక్కు పెట్టాలి. ఈ పనికి ఆ టిక్కు పెట్టడమే మేలు.

ఇమేజ్ మెనూలోని స్కేల్ ఇమేజ్‌లో వెడల్పు 413, ఎత్తు 531 పిక్సెల్స్, రిజల్యూషన్ 300 ఇవ్వండి. అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్కన 35, 45 మిల్లీమీటర్లకు వచ్చే కొలతలు అవే. రెండు గడుల మధ్య ఉన్న గొలుసు బొమ్మ నిష్పత్తిని కాపాడుతుంది. ఒక పిక్సెల్ అటూ ఇటూ వస్తే గొలుసు మీద క్లిక్ చేసి విడదీసి సరిచేయవచ్చు.

తర్వాత కలర్స్ మెనూలోని లెవెల్స్‌తో ముఖం వెలుగు సరిచూసుకోండి. ఇక్కడ 3.0లో ఒక కొత్తదనం ఎదురవుతుంది: సవరణ ఫొటోలో కలిసిపోకుండా, లేయర్ పక్కన ఎఫ్ఎక్స్ అనే చిన్న గుర్తుగా నిలబడుతుంది. దాని మీద క్లిక్ చేసి ఆ సవరణను ఎప్పుడైనా మార్చవచ్చు, తీసేయవచ్చు. 2.10 వాడేవారికి ఈ సౌకర్యం లేదు.

ఇప్పుడు డీ నొక్కి రంగులను నలుపు తెలుపులకు తెచ్చి, ఇమేజ్ మెనూలోని కాన్వాస్ సైజ్‌లో గొలుసు విడదీసి, వెడల్పు 450, ఎత్తు 600 ఇచ్చి, సెంటర్ నొక్కి రీసైజ్ చేయండి. ఫొటో చుట్టూ ఖాళీ వస్తుంది. ఇమేజ్ మెనూలోని ఫ్లాటెన్ ఇమేజ్ నొక్కితే ఆ ఖాళీ తెల్లటి అంచుగా మారుతుంది. ఈ కొలతలు ఊరికే చెప్పినవి కావు: 450ని నాలుగు సార్లు వేస్తే 1800, 600ను రెండు సార్లు వేస్తే 1200, అంటే 300 రిజల్యూషన్‌లో సరిగ్గా 6×4 అంగుళాలు. ఫిల్టర్స్ మెనూలోని మ్యాప్ కింద టైల్ అనే ఫిల్టర్ తెరిచి, గొలుసు విడదీసి, 1800, 1200 ఇవ్వండి. ఎనిమిది ఫొటోలు వరసలు తీరి ఒకేసారి వస్తాయి. ఒక్కొక్కటి అతికించి గీతలు పెట్టి సర్దే శ్రమ తప్పుతుంది.

ఇదే ఫొటోను ఆన్‌లైన్ దరఖాస్తుకు వాడాలంటే, క్రాప్ చేసిన ప్రతి నుంచి వేరుగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఉదాహరణకు, బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ దరఖాస్తులు ఫొటోను 200×230 పిక్సెల్స్‌లో, 20 నుంచి 50 కిలోబైట్ల లోపు అడుగుతాయి. సంతకానికి 140×60, 10 నుంచి 20 కిలోబైట్లు. జేపెగ్ ఎక్స్‌పోర్ట్ పెట్టెలో ప్రివ్యూ టిక్కు పెడితే, క్వాలిటీ మీటను జరిపిన కొద్దీ ఫైల్ సైజు అక్కడే మారుతూ కనిపిస్తుంది. సేవ్ చేసి, సైజు చూసి, మళ్లీ సేవ్ చేసే పాత పద్ధతి కంటే ఇది ఎంతో హాయి.

రెండో సాధన: రెండు లిపుల ఫ్లెక్సీ

పాస్‌పోర్టు ఫొటో చేతికి వచ్చాకే దీనికి రావాలి. టీ నొక్కి, తెర మీద క్లిక్ చేసి, విండోస్ కీ, స్పేస్ బార్‌తో తెలుగు కీబోర్డుకు మారి టైపు చేస్తే వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. ఫొటోషాప్‌లో ఇందుకోసం భారతీయ లిపుల అమరికను విడిగా ఎంచుకోవలసి ఉండేది. గింప్‌లో ఆ అవసరం లేదు. ఒడియాకు కూడా అంతే. ఫాంట్లు మాత్రం యూనికోడ్‌వి కావాలి. అను లిపిలో టైపు చేసిన పాత మ్యాటర్‌ను ఇక్కడ అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి కాబట్టి, దాన్ని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగుకు రామభద్ర, మండలి, సురన్న, పొన్నాల, ఎన్‌టీఆర్ వంటివి, ఒడియాకు నోటో సాన్స్ ఒరియా ఉచితంగా దొరుకుతాయి. గిడుగు పేరుతో కూడా ఒక ఫాంట్ ఉంది. గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేసిన పర్లాకిమిడిలో ఆ ఫాంటుతో పెళ్లి కార్డులు అచ్చవడం నాకైతే ముచ్చటగానే ఉంటుంది. గింప్ తెరిచి ఉండగా కొత్త ఫాంటు ఇన్‌స్టాల్ చేస్తే అది వెంటనే కనబడదు. ఫాంట్ల ప్యానెల్ అడుగున ఉన్న గుండ్రటి బాణం గుర్తు నొక్కాలి.

టెక్స్ట్ దగ్గర ఒక చిక్కు ఉంది. ఫాంటు, సైజు మార్చే చోట్లు రెండు కనిపిస్తాయి: ఎడమ పక్క టూల్ ఆప్షన్లలో ఒకటి, రాసిన అక్షరాల పైన తేలే చిన్న పట్టీలో మరొకటి. టూల్ ఆప్షన్లు ఆ పెట్టెలోని మొత్తం టెక్స్టుకు వర్తిస్తాయి, తేలే పట్టీ ఎంచుకున్న అక్షరాలకు మాత్రమే వర్తిస్తుంది. పట్టీతో ఒకసారి సైజు మార్చిన అక్షరాలు ఆ తర్వాత టూల్ ఆప్షన్ల మాట వినవు. కాబట్టి ఒక వరసకు ఒక టెక్స్ట్ లేయర్ చొప్పున పెట్టుకుని, తెలుగు ఒకటి, ఒడియా ఒకటి విడివిడిగా ఉంచి, టూల్ ఆప్షన్లతోనే పని నడపడం మంచిది. అక్షరాల చుట్టూ రంగు గీత లేని ఫ్లెక్సీ మన దగ్గర ఫ్లెక్సీయే కాదు, 3.0లో ఆ గీతను టెక్స్ట్ టూల్ ఆప్షన్లలోని అవుట్‌లైన్ ద్వారానే ఇవ్వవచ్చు, ఆ తర్వాత కూడా అక్షరాలు దిద్దుకోవచ్చు.

ఫొటోషాప్‌లో దాచిన పాత పీఎస్‌డీ డిజైన్లను గింప్ తెరుస్తుంది, లేయర్లూ వస్తాయి. అయితే టెక్స్ట్ మళ్లీ దిద్దుకునేలా వస్తుందని గాని, స్మార్ట్ ఆబ్జెక్టులు ఉన్నవి ఉన్నట్టు వస్తాయని గాని నమ్మకూడదు. తరచుగా వాడే డిజైన్లను తీరిక ఉన్నప్పుడు గింప్‌లో కొత్తగా కట్టుకోవాలి. గింప్ పని నడిచేది ఆర్‌జీబీలో, అంటే తెర రంగుల పద్ధతిలో. ప్రెస్‌వారు సీఎంవైకే, అంటే అచ్చు సిరాల రంగుల పద్ధతి, అడిగితే 3.0లో టిఫ్, జేపెగ్, పీఎస్‌డీ ఎక్స్‌పోర్ట్ పెట్టెల్లో ఆ వీలుంది. ఫ్లెక్సీకి ఏ రిజల్యూషన్ కావాలో మాత్రం ప్రింటు వేసేవారినే అడిగి, కొత్త ఫైల్ తెరిచేటప్పుడే ఇవ్వాలి.

కుదిరిన అమరికను దాచుకోవడం

ప్యానెళ్లు, ఐకాన్లు, కీలు మీ చేతికి సరిపడేలా కుదిరాక, ఆ అమరిక అంతా ఒకే ఫోల్డర్‌లో ఉంటుంది: విండోస్‌లో యాప్‌డేటా, అందులో రోమింగ్, అందులో గింప్, దానిలో 3.0. అది ఎక్కడుందో ప్రిఫరెన్సెస్‌లోని ఫోల్డర్స్ పేజీ కూడా చూపిస్తుంది. గింప్‌ను మూసి, ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, షాపులోని రెండో సిస్టంలో అదే చోట పెడితే, అక్కడ కూర్చునే కుర్రవాడికి కూడా తెర ఇలాగే కనిపిస్తుంది. సిస్టం ఫార్మాట్ చేయించే ముందు కూడా ముందుగా కాపీ చేసుకోవలసిన ఫోల్డర్ అదే.